కారులో చల్లదనం కారిపోతే

గత జూన్ నెలలో ఒక శనివారం మధ్యాహ్నం మా అక్కయ్య కుమారుడు ఫోను చేశాడు. అతడు హ్యూస్టన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. చదువు ముగించుకొని వెళ్ళిపోతున్న ఒక సీనియరు దగ్గర 2005 మోడలు కారు కొన్నాడు. ఏప్రిల్‌లో కొన్నప్పుడు ఏసీ చక్కగా పనిచేసింది. జూన్ వచ్చేసరికి అందులోంచి వడగాలి తప్ప మరేమీ రావడం లేదు. మరో పది రోజులలో తల్లిదండ్రులు ఇండియా నుండి వస్తున్నారు. మా బావగారికి ఎండ బొత్తిగా పడదు. "ఆటో పార్టుల దుకాణంలో గ్యాసు డబ్బాలు అమ్ముతారట మామయ్యా, ఒకటి పోసేస్తే సరిపోదా?" అని అడిగాడు.

సరిపోతుంది, కొన్ని వారాలకు, అని చెప్పాను. ఆ మాట నేను పుస్తకం చూసి చెప్పలేదు. సుమారు ఇరవై సంవత్సరాల క్రితం నేను కూడా అటువంటి విద్యార్థినే, నాదీ అటువంటి కారే. ఒకే వేసవిలో మూడు డబ్బాలు పోశాను. పోసిన ప్రతిసారి రెండు మూడు వారాలు చల్లగా ఉండేది, తరువాత మామూలే. ఆగస్టు చివరలో ఒకనాడు ఫ్రీవే మీద వెళుతూ ఉండగా కీచుమని శబ్దం వచ్చి కంప్రెసరు పట్టేసింది, దానితో పాటు బెల్టు తెగింది. మరమ్మతుకు అయిన ఖర్చు కారు కొన్న ధరలో సగం కంటె ఎక్కువ. ఆ రోజులలో పగలంతా లాబొరేటరీలో గాజు గొట్టాల వాక్యూం లైనులో సూదిమొనంత రంధ్రం కొరకు వెతుకుతూ ఉండేవాణ్ణి. రంధ్రం మూయకుండా ప్రయోగం చేస్తే మా ప్రొఫెసరు గారు ఊరుకునేవారు కారు. సాయంత్రం పార్కింగులోకి రాగానే ఆ శాస్త్రమంతా ఎక్కడికి పోయేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఏసీలోని గ్యాసు పెట్రోలు వలె ఖర్చయ్యే పదార్థం కాదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. మట్టికుండలో నీరు చల్లబడడం మనందరికీ తెలుసు. కుండ గోడల నుండి చెమర్చిన నీరు ఆవిరి అవుతూ, ఆవిరి కావడానికి కావలసిన వేడిని కుండ నుండే తీసుకుంటుంది. కారులో జరిగేదీ అదే. డాష్‌బోర్డు వెనుక ఎవాపరేటరు అనే అల్యూమినియం జల్లెడ వంటి భాగంలో ఒక ద్రవం మరుగుతుంది. మరగడానికి కావలసిన వేడిని లోపలి గాలి నుండి లాగుకుంటుంది. భేదమల్లా ఏమంటే, కుండ చెమర్చిన నీటి ఆవిరి గాలిలో కలిసిపోతుంది. కారులో ఆ ఆవిరిని కంప్రెసరు పట్టి, ఒత్తి, వేడి చేసి, ముందున్న కండెన్సరులోకి పంపుతుంది. అక్కడ అది బయటి గాలికి తన వేడిని అప్పగించి, తిరిగి ద్రవమై, సన్నని రంధ్రం వంటి ఎక్స్‌పాన్షన్ వాల్వు గుండా వెనక్కు వస్తుంది. కావడి మోసే మనిషి వలె ఒకచోట బరువు ఎత్తుకొని మరొకచోట దింపడమే దాని పని. మూసిన గొట్టాలలో అది ఎన్ని సంవత్సరాలైనా తిరుగుతూనే ఉండగలదు. తక్కువయిందంటే బయటికి పోయిందనే అర్థం; మరొక అర్థం లేదు.

1990ల మధ్య నుండి అమెరికాలో తయారైన కారులలో చాలా కాలం వాడిన శీతలకం పేరు ఆర్-134ఎ. రెండు కర్బన పరమాణువులు, నాలుగు ఫ్లోరిన్‌లు, రెండు హైడ్రోజన్‌లు గల చిన్న అణువు. మామూలు వాతావరణ పీడనం వద్ద సున్నాకు దిగువన 26 డిగ్రీల సెల్సియస్ వద్దనే మరుగుతుంది. 1994కు ముందు మోడళ్ళలో ఎక్కువగా ఆర్-12 ఉండేది, మన వాడుకలో ఫ్రియాన్. ఇటీవలి కారులలో ఆర్-1234వైఎఫ్ అనే మరొక పదార్థం వచ్చింది. ఒకదానిలో మరొకటి కలపరాదు. హుడ్ ఎత్తితే లోపల ఒక లేబులు మీద ఏది, ఎన్ని గ్రాములు అన్నది వ్రాసి ఉంటుంది. మరమ్మతుకు బయలుదేరేవారు మొట్టమొదట చదవవలసినది ఆ లేబులే.

ఇక డబ్బాతో పాటు ఇచ్చే చిన్న పీడన మీటరు సంగతి. ఎరుపు, పచ్చ రంగులు వేసిన ఆ మీటరును చూసి గ్యాసు ఎంత ఉన్నదో తెలుసుకోవచ్చునని డబ్బా మీద బొమ్మలు సూచిస్తాయి. నిజానికి ఇంజను ఆపి ఉన్నప్పుడు అది చెప్పగలిగినది చాలా తక్కువ. ఇంటిలో వంటగ్యాసు సిలిండరును గుర్తు చేసుకోండి. కొత్త సిలిండరు పెట్టిన రోజు మంట ఎంత ఉంటుందో, అయిపోవడానికి ముందు రోజు కూడా దాదాపు అంతే ఉంటుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే మన అమ్మలు సిలిండరును కాస్త ఎత్తి చూసేవారే గాని మంటను చూసేవారు కారు. ఒక మూసిన పాత్రలో ఒకే పదార్థం ద్రవంగాను, ఆవిరిగాను కలిసి ఉన్నంతవరకు అక్కడి పీడనాన్ని నిర్ణయించేది ఉష్ణోగ్రత ఒక్కటే. ద్రవం చెంచాడున్నా చెంబెడున్నా ఒకటే. విల్లర్డ్ గిబ్స్ 1870లలో ప్రతిపాదించిన ప్రావస్థా నియమానికి ఇంతకంటె సులభమైన ఉదాహరణ నాకు తెలియదు. ఆర్-134ఎ విషయంలో 80 డిగ్రీల ఫారన్‌హీట్ వద్ద మీటరు చదరపు అంగుళానికి సుమారు 87 పౌండ్లు చూపుతుంది, 90 డిగ్రీల వద్ద సుమారు 104. గ్యాసు పూర్తిగా ఉన్న కారులోనూ అంతే, సగం కారిపోయిన కారులోనూ అంతే. ద్రవమంతా పోయి ఆవిరి మాత్రమే మిగిలిన తరువాతనే అంకె పడిపోవడం మొదలవుతుంది. ఇంజను నడుస్తున్నప్పుడు రెండు వైపుల పీడనాలు చూసి అనుభవజ్ఞుడు కొంత ఊహించగలడు గాని, ఎన్ని గ్రాములున్నవో ఖచ్చితంగా తెలియాలంటే ఉన్నదంతా బయటకు తీసి తూచడం ఒక్కటే మార్గం. డబ్బా పోసేవారు ఎక్కువ పోసేయడానికి కారణం కూడా ఇదే. ఎక్కువైతే కండెన్సరులో ద్రవం నిండి, పీడనం పెరిగి, చల్లదనం తగ్గుతుంది. అప్పుడు ఇంకా తక్కువైందనుకొని మరొక డబ్బా కొంటారు!

మరి నా కంప్రెసరు ఎందుకు చనిపోయింది? ఇంజనుకు వలె దానికి అడుగున నూనె తొట్టి ఉండదు. చాలా కారులలో కంప్రెసరుకు కావలసిన నూనె శీతలకంతో కలిసి గొట్టాలన్నీ తిరిగి వస్తుంది. శీతలకం తగ్గితే నూనె తిరిగి రావడం తగ్గుతుంది. పైగా లీకు ఉన్నచోట నుండి గ్యాసుతో పాటు కొంత నూనె కూడా పోతుంది. పీడనం బాగా పడిపోతే కంప్రెసరును ఆపివేసే స్విచ్చి ఒకటి ఉంటుంది. అది ఒక విధంగా ప్రాణరక్షకం. నేను మూడుసార్లు డబ్బా పోసి చేసిన పని ఏమంటే, ఆ స్విచ్చిని మోసగించి, నూనె లేని యంత్రాన్ని నడిపించడం.

నూనె పోవడంలో మనకు ఒక మేలు కూడా ఉన్నది. గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు. నూనె మాత్రం కంటికి కనబడుతుంది. లీకు ఉన్నచోట జిడ్డు మరక ఏర్పడి, దాని మీద దుమ్ము అంటుకుంటుంది. పరికరాలేవీ కొనకముందే ఒక టార్చిలైటు పట్టుకొని అరగంట వెతకడం మంచిది. ఎక్కడ చూడాలి? గొట్టాలు కలిసే ప్రతి చోట లోపల ఓ-రింగు అనే రబ్బరు వలయం ఉంటుంది. సంవత్సరాల తరబడి వేడికి అది గట్టిపడి, సాగే గుణం కోల్పోతుంది. రబ్బరు గొట్టాన్ని అల్యూమినియం గొట్టానికి నొక్కి బిగించిన చోటులు కంపనానికి వదులవుతాయి. కండెన్సరు అన్నిటికంటె ముందు ఉంటుంది కనుక రాళ్ళ దెబ్బలన్నీ దానికే. కంప్రెసరు ఇరుసు బయటికి వచ్చే చోట ఉండే సీలు కూడా తరచు లీకవుతుంది. ఆ సీలును తడిగా ఉంచేది లోపల తిరిగే నూనే. అందుచేత చలికాలంలో కూడా వారానికొకసారి కొద్ది నిముషాలు ఏసీ నడపమంటారు. చాలా కారులలో అద్దం మీద మంచు పోగొట్టే డీఫ్రాస్ట్ మీట వేస్తే కంప్రెసరు దానంతట అదే తిరుగుతుంది. ఇక సర్వీసు పోర్టులు. గ్యాసు ఎక్కించే ఆ రెండు రంధ్రాలలో సైకిలు ట్యూబులో ఉండే వంటి చిన్న వాల్వు ఉంటుంది. దాని మీది ప్లాస్టిక్ మూత దుమ్ము కొరకు పెట్టినదని అందరూ అనుకుంటారు. అది రెండవ సీలు. దానిని పారేసిన వారు ఒక సీలును పారేసినట్లే.

కంటికి కనబడకపోతే సబ్బునీరు. వినడానికి ఇది మోటు పద్ధతి. కాని దాని శక్తి ఎంతో లెక్క వేసి చూద్దాం. లెక్క వేయనిదే రసాయనికుడికి నిద్ర పట్టదు. సంవత్సరానికి ఒక ఔన్సు, అనగా 28 గ్రాములు కారే లీకును తీసుకోండి. ఆర్-134ఎ అణుభారం 102. కనుక 28 గ్రాములు 0.28 మోలు కంటె కొద్దిగా తక్కువ. గది ఉష్ణోగ్రత వద్ద ఆ వాయువు సుమారు 6.8 లీటర్లు. సంవత్సరానికి 6.8 లీటర్లంటే రోజుకు 19 మిల్లీలీటర్ల లోపు, నిముషానికి ఒక మిల్లీలీటరులో నూరవ వంతు కంటె కొద్దిగా ఎక్కువ. మూడు మిల్లీమీటర్ల వ్యాసం గల సబ్బు బుడగ పరిమాణం ఇంచుమించు అంతే. కాబట్టి సంవత్సరానికి ఒక ఔన్సు లీకు నిముషానికి ఒక బుడగ వేస్తుంది! నిలబడి ఓపికగా చూసేవారికి అదీ కనిపిస్తుంది. ఒకే వేసవిలో కారును ఖాళీ చేసే లీకైతే సెకనుకు ఒకటి రెండు బుడగలు వేస్తుంది. దానికి ఓపిక కూడా అక్కరలేదు. చిక్కల్లా చేయి దూరని చోట, కన్ను చేరని చోట ఉన్న లీకులతోనే.

అటువంటి వాటికి రెండు పద్ధతులున్నవి. ఒకటి, నూనెలో కలిసే ప్రతిదీప్తి రంగు. కొద్ది మిల్లీలీటర్లు ఎక్కించి, కొన్ని రోజులు కారు నడిపి, చీకటిలో అతినీలలోహిత దీపం వేసి, పసుపు కళ్ళద్దాలతో చూస్తే లీకు ఉన్నచోట ఆకుపచ్చగా మెరుస్తుంది. రెండవది ఎలక్ట్రానిక్ పరికరం. వేడి చేసిన సెన్సరు ఆధారంగాను, పరారుణ కిరణాల శోషణ ఆధారంగాను పనిచేసే రెండు రకాలు ఇప్పుడు ఎక్కువగా దొరుకుతున్నవి. వాహన ఇంజనీర్ల సంఘం ప్రమాణానికి సరితూగే పరికరం సంవత్సరానికి 4 గ్రాముల లీకును కూడా పసిగట్టాలి. మన ఒక ఔన్సు లెక్కలో అది ఏడవ వంతు. వాడే విధానం మాత్రం తెలియాలి. ఈ వాయువు గాలి కంటె మూడున్నర రెట్లు బరువైనది. అందుచేత కిందికి జారుతుంది. పరికరం కొనను కీలు పైన కాక కింద పట్టుకోవాలి. ఇంజను ఆపి, గాలి వీచని చోట, సెకనుకు ఒకటి రెండు అంగుళాల కంటె వేగంగా కదపకుండా చూడాలి. అద్దం కడిగే ద్రవంలోని ఆల్కహాలుకు, కొన్ని శుభ్రపరచే ద్రావకాలకు కూడా కొన్ని పరికరాలు కూస్తాయి. ఒకసారి కూసినంత మాత్రాన తీర్పు చెప్పకూడదు. ఎవాపరేటరు డాష్‌బోర్డు లోపల దాగి ఉంటుంది కనుక దానిని నేరుగా చూడలేము. ఇంజను ఆపి పదిహేను నిముషాలు ఆగి, నీరు కారే గొట్టం కొన దగ్గర పరికరాన్ని ఉంచితే లోపల చేరిన వాయువు బయటపడుతుంది. అక్కడ లీకు తేలితే మాత్రం విచారించవలసిందే. ఆ భాగం ధర తక్కువే, కాని డాష్‌బోర్డు మొత్తం విప్పే కూలి చాలా ఎక్కువ. పాత కారుకు ఆ ఖర్చు పెట్టడం నా దృష్టిలో దండుగ.

పాతకాలపు మెకానిక్కులు ఇంకొక పద్ధతి వాడేవారు. దానిని తలచుకుంటే నాకు ముచ్చట వేస్తుంది. ఒక చిన్న జ్వాలలో రాగి రేకును కాల్చి, లీకు అనుమానమున్న చోటి గాలిని ఒక గొట్టం ద్వారా ఆ జ్వాలలోకి పీల్చేవారు. ఫ్రియాన్ ఉంటే మంట ఆకుపచ్చగా మారేది. 1872లో బైల్‌స్టైన్ కనిపెట్టిన హాలోజన్ పరీక్షే ఇది. మన కళాశాల లాబొరేటరీలలో రాగి తీగతో అందరం చేసినదే. ఆర్-134ఎలో క్లోరిన్ లేదు, ఫ్లోరిన్ మాత్రమే ఉన్నది గనుక మంట రంగు మారదు. పైగా ఆ జ్వాలలో ఈ వాయువులు విష పదార్థాలుగా విడిపోతాయి. మ్యూజియంలో ఉండవలసిన పరికరమది.

లీకులు వెతకడం మెకానిక్కుల పని మాత్రమే కాదు. ఈ పదార్థాల చరిత్ర అంతా లీకుల చరిత్రే. 1920లలో ఇంటి రిఫ్రిజిరేటర్లలో సల్ఫర్ డయాక్సైడు, మిథైల్ క్లోరైడు, అమ్మోనియా వాడేవారు. అవి కారితే ప్రాణాలు పోయేవి. ఆ భయం తీర్చడానికే 1928లో థామస్ మిడ్జ్‌లీ బృందం ఫ్రియాన్‌ను తయారు చేసింది. 1930లో అట్లాంటాలో జరిగిన అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశంలో మిడ్జ్‌లీ ఆ వాయువును గుండెల నిండా పీల్చి, కొవ్వొత్తి మీదికి వదిలి, దానిని ఆర్పి చూపించాడు. విషం కాదు, మండదు అని ఒకే ఊపిరితో నిరూపించాడన్నమాట. ఇక కారినా భయం లేదని లోకం నిశ్చింతగా ఉన్నది.

కారినదంతా ఎక్కడికి పోయింది? 1971లో ఇంగ్లండుకు చెందిన జేమ్స్ లవ్‌లాక్ తాను స్వయంగా రూపొందించిన సున్నితమైన డిటెక్టరును ఒక ఓడ మీద పెట్టుకొని అంటార్కిటికా వైపు ప్రయాణించాడు. ఫ్రియాన్ కుటుంబానికే చెందిన ఆర్-11 దారి పొడవునా గాలిలో కనిపించింది: లక్ష కోట్ల అణువులలో కొన్ని పదులు. పుట్టిన వాయువు పుట్టినట్లే నిలిచి ఉన్నదన్నమాట. ఆ వార్త విన్న షెర్వుడ్ రోలండ్, తన వద్ద పరిశోధకుడుగా చేరిన మారియో మొలీనాతో కలిసి, ఆ అణువులు చివరకు స్ట్రాటోస్ఫియరులో విచ్ఛిన్నమై, వాటిలోని క్లోరిన్ ఓజోనును హరిస్తుందని 1974లో ప్రకటించాడు. 1985లో అంటార్కిటికా పైన ఓజోను రంధ్రం బయటపడింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1995తో అమెరికాలో ఆర్-12 ఉత్పత్తి ముగిసింది. అదే సంవత్సరం రోలండ్, మొలీనాలకు, పాల్ క్రుట్జెన్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కథలో మన సికిందరాబాదుకు కూడా ఒక చోటు ఉన్నదని చాలామందికి తెలియదు. అణ్ణామలై విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివిన వీరభద్రన్ రామనాథన్ అనే యువకుడు 1960లలో సికిందరాబాదులోని ఒక రిఫ్రిజిరేటర్ల కర్మాగారంలో ఉద్యోగంలో చేరాడు. రిఫ్రిజిరేటర్ల నుండి ఫ్రియాన్ అంత త్వరగా ఎందుకు కారిపోతున్నదో కనిపెట్టడం ఆయన పని. ఆ పని ఆయనకు అంతగా రుచించలేదు. తరువాత బెంగుళూరు, ఆ పైన 1970లో అమెరికా. వర్జీనియాలోని నాసా లాంగ్లీ కేంద్రంలో పనిచేస్తూ ఉండగా, మొలీనా, రోలండ్‌ల వ్యాసం చూసిన తరువాత, అదే వాయువు గురించి మరొక ప్రశ్న వేసుకున్నాడు: ఇది భూమి నుండి వెలువడే వేడిని ఎంత పట్టి ఉంచుతుంది? 1975లో 'సైన్స్' పత్రికలో ఆయన ప్రకటించిన ఫలితం శాస్త్రజ్ఞులను నివ్వెరపరచింది. ఒక్కొక్క ఫ్రియాన్ అణువు వేలకొలది కార్బన్ డయాక్సైడు అణువులకు సమానంగా భూమిని వేడెక్కించగలదు. సికిందరాబాదులో ఏ వాయువు వెంట పడ్డాడో, దానినే ఆకాశంలో పట్టుకున్నాడు.

ఆర్-134ఎలో క్లోరిన్ లేదు కనుక ఓజోనుకు హాని లేదు. కాని రామనాథన్ వేసిన ప్రశ్నకు అది కూడా జవాబు చెప్పుకోవలసిందే. నూరు సంవత్సరాల లెక్కలో ఒక కిలో ఆర్-134ఎ సుమారు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడుకు సమానమని లెక్కకట్టారు. దుకాణంలో దొరికే 12 ఔన్సుల డబ్బాలో 340 గ్రాములు ఉంటుంది. అది కారిపోతే 486 కిలోల కార్బన్ డయాక్సైడు వదిలినట్లు. అంటే సుమారు 55 గ్యాలన్ల పెట్రోలు కాల్చినట్లు. గ్యాలనుకు 25 మైళ్ళిచ్చే కారులో న్యూయార్కు నుండి మయామీ వరకు వెళ్ళి ఇంకా కొంత దూరం తిరిగినట్లు. నా మూడు డబ్బాల లెక్క మీరే వేసుకోవచ్చును. 2016 కిగాలీ సవరణ ఈ తరగతి వాయువులను క్రమంగా తగ్గించమంటున్నది. అమెరికాలో 2020 చివర చేసిన చట్టం కూడా అదే దారి పట్టింది. కొత్తగా వచ్చిన ఆర్-1234వైఎఫ్ వేడెక్కించే శక్తి నామమాత్రమే, ధర మాత్రం బాగా ఎక్కువ.

మళ్ళీ మరమ్మతు దగ్గరికి వద్దాము. లీకు తెలిసిన తరువాత వ్యవస్థను విప్పడానికి ముందు లోపల ఉన్న గ్యాసును యంత్రంతో వెనక్కు తీయాలి. గాలిలోకి వదలడం నేరం; ఆర్-134ఎ విషయంలో 1995 నవంబరు నుండి ఈ నిషేధం ఉన్నది. డబ్బు తీసుకొని కారు ఏసీ మరమ్మతు చేసేవారికి స్వచ్ఛవాయు చట్టం 609వ సెక్షను కింద సర్టిఫికెట్టు ఉండాలి. మన కారును మనమే బాగుచేసుకోవడానికి అది అక్కరలేదు గాని, వాయువును వెనక్కు తీసే యంత్రం మన ఇంట ఉండదు కదా. అందుచేత వెతకడం వరకు మనము చేసుకొని, విప్పడం షాపువారికి వదలడం నాకు తోచిన మధ్యేమార్గం. ఎక్కడ లీకు ఉన్నదో మనకు తెలిసి వెళితే వారు చెప్పే మాటలలో ఏది అవసరమో, ఏది కాదో కొంత తెలుస్తుంది.

ఓ-రింగు మార్చేటప్పుడు ఆ శీతలకానికి తగిన రబ్బరుతో చేసినదే కావాలి. నీళ్ళ కుళాయికి వేసే వలయం పనికిరాదు. దానికి ఏసీ నూనె రాసి, రెండు పానాలతో బిగించాలి, లేకపోతే మెత్తని అల్యూమినియం గొట్టం మెలితిరుగుతుంది. ఆర్-134ఎతో వాడే పీఏజీ నూనె గాలిలోని తేమను స్పంజి వలె పీల్చుకుంటుంది. కనుక సీసా మూత తీసి ఉంచరాదు, విప్పిన గొట్టాలకు వెంటనే మూతలు పెట్టాలి. వ్యవస్థ చాలాసేపు తెరిచి ఉంటే తేమ పీల్చే డ్రయ్యరును కూడా మార్చాలి. తరువాత వాక్యూం పంపు. లోపలి పీడనం పాదరసపు 24 మిల్లీమీటర్లకు దిగితే గది ఉష్ణోగ్రత వద్దనే నీరు మరిగి ఆవిరై బయటికి వచ్చేస్తుంది. అరగంట, ముప్పావుగంట నడపడం ఇందుకే. తేమ మిగిలిపోతే ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర మంచుగా గడ్డకట్టవచ్చును, లోపలి లోహాలను తినివేయవచ్చును.

వాక్యూం నిలిచింది కాబట్టి లీకు లేదు అని చెప్పే షాపులున్నవి. ఈ మాటను నేను ఒప్పుకోను. వాక్యూంలో గోడల మీద ఉండే తేడా ఒక వాతావరణ పీడనం, అంటే చదరపు అంగుళానికి 15 పౌండ్లు మాత్రమే. అదీ బయటి నుండి లోపలికి. పనిచేసేటప్పుడు అధిక పీడనం వైపు 200 పౌండ్లకు పైగా లోపలి నుండి బయటికి తోస్తుంది. లోపలికి తోస్తే మూసుకునే సీలు బయటికి తోస్తే తెరుచుకోవచ్చును. పెద్ద లీకును మాత్రమే వాక్యూం పట్టగలదు. చిన్నదాని కొరకు పొడి నైట్రోజన్ నింపి సబ్బునీటితో చూడడం ఉత్తమం. మామూలు కంప్రెస్డ్ గాలి ఎక్కించరాదు: తేమ ఒక కారణం, అధిక పీడనంలో గాలితో కలిసిన ఆర్-134ఎ మండే అవకాశం మరొక కారణం.

లీకును లోపలి నుండి మూసే ద్రవం కలిపిన డబ్బాలు కూడా అమ్ముతారు. వాటి జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను. వాటిలో చాలా రకాలు తేమ తగిలితే గట్టిపడేవి. లీకు దగ్గరి తేమకు గట్టిపడవలసినది లోపల మిగిలిన తేమకు కూడా గట్టిపడి సన్నని దారులను మూసివేయగలదు. షాపువారి యంత్రంలోకి పోతే అదీ పాడవుతుంది. అందుకే అది పోసిన కారును ముట్టుకోని షాపులు చాలా ఉన్నవి. తప్పనిసరై మామూలు డబ్బా పోసేవారు కళ్ళద్దాలు, చేతితొడుగులు వేసుకోవాలి. ద్రవం చర్మం మీద పడితే క్షణంలో గడ్డకడుతుంది. తక్కువ పీడనం వైపే కలపాలి. రెండవ వైపు కలిపితే డబ్బా పేలగలదు. ఆ పొరపాటు జరగకుండానే రెండు పోర్టుల కొలతలు వేరుగా పెట్టారు.

ఇక మా మేనల్లుడి కారు. మరునాడు ఆదివారం నేనే ఒక సీసాలో సబ్బునీరు, టార్చిలైటు పట్టుకొని వెళ్ళాను. అరగంట అవసరం కాలేదు. తక్కువ పీడనం వైపు సర్వీసు పోర్టుకు మూత లేదు. చుట్టూ జిడ్డు, దాని మీద దుమ్ము. రెండు చుక్కలు సబ్బునీరు వేయగానే దాదాపు సెకనుకొక బుడగ రావడం మొదలైంది. ఆ లెక్కన సంవత్సరానికి కిలోన్నర దాటుతుంది, అనగా రెండు నెలలకు ఇంచుమించు 300 గ్రాములు. అమ్మిన సీనియరును అడిగితే, ఏప్రిల్‌లో అమ్మకానికి ముందు ఒక డబ్బా పోశానని నిజం ఒప్పుకున్నాడు. పోసిన తరువాత మూత పెట్టడం మరచిపోయి ఉంటాడు. మంగళవారం షాపులో యంత్రం లోపలిది వెనక్కు తీసి తూచింది: 210 గ్రాములు. లేబులు మీద ఉన్నది 500. చిన్న వాల్వు మార్చి, కొత్త మూత పెట్టి, ముప్పావుగంట వాక్యూం లాగి, 500 గ్రాములు తూచి ఎక్కించారు. మా వాడు బుడగలు లెక్కపెట్టిన కాగితం షాపువారికి చూపించాడట; వారు నవ్వి, వేరే వెతుకులాటకు వసూలు చేసే డబ్బు వదిలేశారు.

పది రోజుల తరువాత మా అక్కయ్య, బావగారు వచ్చారు. విమానాశ్రయం నుండి నేరుగా పేర్లాండ్ మీనాక్షి ఆలయానికి తీసుకువెళ్ళాడు. బయట 98 డిగ్రీలు. దారిలో మా అక్కయ్య కొంగు కప్పుకొని, "కాస్త తగ్గించరా అబ్బాయ్, చలేస్తోంది" అన్నదట.